పని వచ్చు, మాట రాదు: ఉపాధి కేంద్రాల్లో వలసవాళ్ళ భాషా కష్టాలు

ఆస్పత్రికి వెళ్ళిన మనిషికి ఆ దేశపు భాష ఒక్క ముక్క రాకపోయినా, ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే చెప్పేస్తుంది. ప్రభుత్వ ఉపాధి కేంద్రంలో అలాంటి మెషీన్ ఏదీ ఉండదు. అక్కడ నడిచేదంతా మాటల మీదే. ఏం చదివారు, ఏ పని చేశారు, ఎందుకు మానేశారు, వారానికి ఎన్ని గంటలు చేయగలరు, నైట్ షిఫ్ట్ కుదురుతుందా, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా... ఇలా వరసగా ప్రశ్నలు, వాటి జవాబులే ఫైల్. పదిహేనేళ్ళు వెల్డింగ్ చేసిన మనిషికి అక్కడెవరూ వెల్డింగ్ మెషీన్ ఇచ్చి చేసి చూపించమనరు, ఏ రకం వెల్డింగ్, ఏ లోహం మీద, ఏ సర్టిఫికెట్ ఉంది అని అడుగుతారు. జవాబు తడబడితే కంప్యూటర్‌లో వెల్డర్ అని కాకుండా హెల్పర్ అని పడుతుంది. ఒకసారి హెల్పర్ అని పడ్డాక, వచ్చే ఉద్యోగాల కబుర్లన్నీ హెల్పర్ ఉద్యోగాలవే.

ఈ విషయంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. భాషలో ఉన్న లోటు ఫైల్‌లోకి ఎక్కేసరికి పనిలో ఉన్న లోటుగా మారిపోతుంది. దుబాసీలు లేకపోవడం, ఫారాలు అర్థం కాకపోవడం లాంటివి అందరికీ కనిపించే కష్టాలు కాబట్టి వాటి గురించి ఎంతో కొంత చర్చ జరుగుతుంది, ఈ మార్పిడి గురించి మాత్రం తక్కువ.

ఈ కేంద్రాల పేర్లు దేశానికో రకం. జర్మనీలో జాబ్‌సెంటర్, జపాన్‌లో హలో వర్క్, ఆస్ట్రియాలో ఏఎంఎస్. వెనకున్న ఆలోచన మాత్రం దాదాపు ఒకటే. 1948లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెచ్చిన 88వ ఒప్పందం ప్రకారం, దానికి ఒప్పుకున్న ప్రతి దేశం ఉచితంగా పనిచేసే ప్రభుత్వ ఉపాధి సేవను నడపాలి. మరుసటి ఏడాది వచ్చిన 97వ ఒప్పందం వలస కార్మికులకు సాయం చేయడానికి, వాళ్ళకి సరైన సమాచారం ఇవ్వడానికి ఉచిత సేవ ఉండాలంది. ఆ సమాచారం ఏ భాషలో ఇవ్వాలన్నది ఒప్పందంతో పాటు వచ్చిన 86వ సిఫారసులో ఉంది, వలస వెళ్ళేవాళ్ళకి వాళ్ళ భాషలోనో, కనీసం వాళ్ళకి అర్థమయ్యే భాషలోనో సలహా ఇవ్వాలని. గమనించాల్సింది ఏంటంటే, ఒప్పందానికి ఒప్పుకున్న దేశం దానికి కట్టుబడాలి, సిఫారసుకి కట్టుబడాల్సిన పని లేదు. భాష సంగతి వెళ్ళి ఆ రెండో దాంట్లో పడింది.

ఇంకో విషయం కూడా ముందే చెప్పుకోవాలి. ఉపాధి కేంద్రం రెండు పనులు చేస్తుంది. ఒక చేత్తో ఉద్యోగం వెతికిపెడుతుంది, శిక్షణకి పంపుతుంది. రెండో చేత్తో నిరుద్యోగ భత్యం తీసుకునేవాళ్ళు నిజంగా పని వెతుకుతున్నారో లేదో కాపలా కాస్తుంది, వెతకట్లేదని అనుకుంటే కోత వేస్తుంది. భాష రానివాళ్ళకి మొదటి పనిలో అందాల్సిన సాయం తగ్గిపోతుంది, రెండో పనిలో మాత్రం ఏ మాత్రం సడలింపు ఉండదు. సాయం చేయాలంటే అవతలి మనిషి చెప్పేది అర్థం కావాలి, కోత వేయడానికి ఆ అవసరం లేదు.

మొదటి మెట్టు దగ్గరే ఇది మొదలవుతుంది. పేరు నమోదు చేసేటప్పుడు వృత్తిని ఒక జాబితాలోంచి ఎంచుకోవాలి. ఆ జాబితాలు ఆ దేశపు చదువులు, ఆ దేశపు కంపెనీలు పనిని ముక్కలు చేసుకునే పద్ధతిని బట్టి తయారైనవి. ఒక దేశంలో ఎలక్ట్రీషియన్ అంటే ఇంటి వైరింగ్ నుంచి మోటారు రిపేరు దాకా అన్నీ చేసే మనిషి కావచ్చు, ఇంకో దేశంలో అవే పనులు మూడు నాలుగు వేర్వేరు ట్రేడులు, వేర్వేరు లైసెన్సులు. భాష బాగా వచ్చినవాళ్ళు ‘నేను ఇదీ చేశాను, అదీ చేశాను, కానీ దానికి మా దగ్గర విడిగా సర్టిఫికెట్ ఉండదు’ అని వివరించుకుంటారు. రానివాళ్ళు మొదట కనిపించినదాని మీద వేలు పెడతారు. దీనికి మందుగా యూరోపియన్ యూనియన్ ఈఎస్‌సీఓ అనే వర్గీకరణ తయారుచేసింది. సుమారు 3 వేల వృత్తులు, 13 వేలకు పైగా నైపుణ్యాలు, 28 భాషల్లో. 2022లో యుద్ధం మొదలయ్యాక ఉక్రేనియన్ కూడా చేర్చారు. ఆలోచన చక్కనిదే. తన భాషలో తన నైపుణ్యాన్ని ఎంచుకుంటే అదే కోడ్ అవతలి భాషలోనూ కనిపిస్తుంది. కానీ జాబితా ఉండటం వేరు, కౌంటర్ దగ్గరున్న అధికారి కంప్యూటర్‌లో అది తెరుచుకోవడం వేరు, దాన్ని తెరిచి పక్కన కూర్చుని వెతకడానికి టైమ్ ఉండటం ఇంకా వేరు.

జర్మనీ ఉపాధి సంస్థ 2017లో ఇంతకంటే సూటిగా ఒక ప్రయత్నం చేసింది. మైస్కిల్స్ అని కంప్యూటర్ మీద తీసుకునే పరీక్ష. 30 వృత్తులకి, జర్మన్‌తో పాటు ఇంగ్లీష్, అరబిక్, ఫార్సీ, రష్యన్, టర్కిష్ భాషల్లో. బొమ్మలు, వీడియోలు చూపించి, ఇక్కడ తప్పు ఏంటి, తర్వాత ఏం చేయాలి అని అడిగేది. కాగితం లేకపోయినా, జర్మన్ రాకపోయినా, పని తెలిసిన మనిషి పని తెలిసినట్టు బయటపడే దారి ఇది. మాట వేరు, పని వేరు అని ఒక ప్రభుత్వ ఆఫీసు ఒప్పుకుని దాన్నిబట్టి ఒక పద్ధతి కట్టడం అరుదు కాబట్టి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఉదాహరణ పక్క దేశంలోనే ఉంది. ఆస్ట్రియా ఉపాధి సంస్థ 2018లో ఒక అల్గారిథమ్‌ను బయటపెట్టింది. నిరుద్యోగులను ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు గుంపులుగా విడగొట్టడం దాని పని. లెక్కలోకి తీసుకునేవాటిలో వయసు, లింగం, చదువు, ఆరోగ్యంతో పాటు పౌరసత్వం కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ బయటి దేశపు పౌరులైతే మార్కులు తగ్గుతాయి. గతంలో అలాంటివాళ్ళకి ఉద్యోగాలు తక్కువ దొరికాయి కాబట్టి లెక్క ప్రకారం తప్పేమీ లేదని సంస్థ వాదన. కానీ అప్పుడు ఎందుకు దొరకలేదు? అందులో భాష వాటా ఎంత, వివక్ష వాటా ఎంత, ఉపాధి కేంద్రమే సరిగా పట్టించుకోకపోవడం వాటా ఎంత? అల్గారిథమ్‌కి ఆ తేడా తెలియదు. 2020 ఆగస్టులో ఆ దేశపు డేటా రక్షణ సంస్థ దాన్ని ఆపేసింది, తర్వాత వ్యవహారం కోర్టులకెక్కింది. యంత్రం ఆగినా, మనుషులు బుర్రలో వేసుకునే ఇదే లెక్క ఎక్కడా ఆగలేదు.

దుబాసీ ఉంటే సరిపోతుందా

సరే, దుబాసీని పెడితే సమస్య తీరిపోతుంది కదా అనిపిస్తుంది. తీరదు, తగ్గుతుంది. ముందు టైమ్ లెక్క చూడండి. ఒకరు మాట్లాడటం, దుబాసీ దాన్ని చెప్పడం, అవతలి మనిషి జవాబు, మళ్ళీ దుబాసీ. ప్రతి మాటా రెండుసార్లు పలుకుతుంది. అరగంట అపాయింట్‌మెంట్‌లో నికరంగా మిగిలేది పావుగంట సంభాషణ. చాలా చోట్ల అపాయింట్‌మెంట్ మాత్రం అందరికీ ఒకే పొడవు. అధికారి దగ్గర వందల్లో ఫైళ్ళు ఉన్నప్పుడు ఆ పావుగంటలో కుదించేది ఏంటంటే, తప్పనిసరిగా చదివి వినిపించాల్సిన నిబంధనలు కాదు, మిమ్మల్ని మీరు చెప్పుకునే భాగం.

తర్వాత, ఏ భాష దుబాసీ? ఫైల్‌లో అఫ్గానిస్తాన్ అని ఉంటే దారీ దుబాసీని పిలుస్తారు, వచ్చిన మనిషి పష్తో తప్ప మాట్లాడకపోవచ్చు. కుర్దిష్ అని రాసుంటే కుర్మాంజీయా, సొరానీయా అని అడగకపోతే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే. మొరాకో నుంచి వచ్చారని అరబిక్ పెడతారు, ఇంట్లో పుట్టి పెరిగిన భాష బెర్బర్ అయ్యుంటుంది. ఇలాంటప్పుడు ఆ మనుషులు మొహమాటానికి తల ఊపుతారు. ప్రభుత్వ ఆఫీసులో ‘నాకు అర్థం కాలేదు’ అనడానికి, అందులోనూ భత్యం ఇచ్చే ఆఫీసులో అనడానికి, చాలా ధైర్యం కావాలి. ఫైల్‌లో మాత్రం ‘దుబాసీ సమక్షంలో వివరించడమైనది’ అని పడిపోతుంది. దుబాసీ ఉన్నారన్న ఈ ఒక్క వాక్యం రేపు అప్పీలులో ఆ మనిషికి ఎదురు తిరుగుతుంది.

దుబాసీ దొరకని చోట ఆ పని పిల్లల మీద పడుతుంది. బడిలో చేరి ఏడాది తిరిగేసరికి పిల్లలకి భాష వచ్చేస్తుంది, తల్లిదండ్రులకి రాదు. పన్నెండేళ్ళ పిల్లో పిల్లాడో స్కూలు మానుకుని వచ్చి, నాన్నకి ఉద్యోగం ఎందుకు పోయింది, అమ్మ ఆరోగ్యం ఎలా ఉంది, అప్పులు ఉన్నాయా అన్న ప్రశ్నలకి అధికారి ముందు కూర్చుని అనువాదం చేస్తారు. పిల్లలకి ఆ మాటలే తెలియవు, తెలిసినా తండ్రి అవమానం తమ నోటితో చెప్పలేక కొంత మింగేస్తారు. తండ్రి కూడా బిడ్డ ముందు అన్నీ చెప్పడు. ఆఫీసు వైపు నుంచి చూస్తే ఇది ఖర్చు లేని ఏర్పాటు, అందుకే చూసీ చూడనట్టు వదిలేస్తారు.

ఖర్చు ఎవరిదన్న దాని మీదే దేశాల మధ్య అసలు తేడా. స్వీడన్‌లో 2018 జులై నుంచి అమల్లో ఉన్న పరిపాలనా చట్టం 13వ సెక్షన్ చెప్పేది ఏంటంటే, స్వీడిష్ రాని మనిషితో వ్యవహరించేటప్పుడు, ఆ మనిషి తన హక్కును కాపాడుకోవడానికి అవసరమైతే ఆఫీసే దుబాసీని పెట్టాలి, కాగితాలు అనువాదం చేయించాలి. బాధ్యత ఆఫీసు మీద ఉంది. జర్మనీ సామాజిక చట్టాల పదో పుస్తకం 19వ సెక్షన్ మొదలయ్యేదే వేరుగా, పరిపాలనా భాష జర్మన్ అని. విదేశీ భాషలో కాగితం ఇస్తే అనువాదం తెమ్మని ఆఫీసు గడువు పెట్టొచ్చు, తేకపోతే తానే చేయించి ఆ ఖర్చు వసూలు చేసుకోవచ్చు. ఇదే సెక్షన్‌లో వినికిడి లోపం ఉన్నవాళ్ళకి సైగల భాష వాడుకునే హక్కు రాసి ఉంది, ఆ ఖర్చు ఆఫీసే పెట్టుకోవాలి. అంటే ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చేయడానికి ప్రభుత్వం ఖర్చు పెట్టడమన్న ఆలోచన ఆ చట్టానికి కొత్తేమీ కాదు, ఎవరి కోసం అన్నదే తేడా. నిజం చెప్పాలంటే జర్మనీ ఉపాధి సంస్థ ఫోన్ దుబాసీ సేవను నడుపుతోంది, చాలామందికి అది ఉపయోగపడుతోంది కూడా. కానీ సేవ ఉండటానికీ, అది నాకు రావాల్సిందే అని అడగగలగడానికీ మధ్య దూరం తక్కువేమీ కాదు. యూరోపియన్ యూనియన్ పౌరులకి అక్కడా కొంత రక్షణ ఉంది. 883/2004 నిబంధన 76వ అధికరణం ప్రకారం, ఇంకో సభ్య దేశపు అధికార భాషలో రాశారన్న కారణంతో దరఖాస్తును తోసిపుచ్చకూడదు. పోలిష్‌లో రాస్తే చెల్లుతుంది, ఎరిట్రియా, ఇథియోపియాల్లో మాట్లాడే టిగ్రిన్యాలో రాస్తే ఈ రక్షణ లేదు.

ఆస్ట్రేలియాలో ఫోన్‌లో దుబాసీ సేవ 1973లోనే మొదలైంది. అమెరికాలో 2000లో అధ్యక్షుడు క్లింటన్ 13166వ ఉత్తర్వుతో, ఇంగ్లీష్ సరిగా రానివాళ్ళకి కూడా తమ సేవలు అందేలా చూడాలని కేంద్ర ప్రభుత్వ సంస్థలను ఆదేశించారు. 2025 మార్చిలో ట్రంప్ ఇంగ్లీష్‌ను అధికార భాషగా ప్రకటిస్తూ దాన్ని రద్దు చేశారు. జాతీయ మూలాన్ని బట్టి వివక్ష చూపకూడదన్న 1964 పౌరహక్కుల చట్టం అలాగే ఉంది కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. కానీ పాతికేళ్ళుగా నడిచిన ఏర్పాటు ఒక్క సంతకంతో పోగలదంటే, అది చట్టంలో కాకుండా ఉత్తర్వులో ఉండటం వల్లే.

ఉత్తరాలు

ఎదురుగా కూర్చున్నప్పుడు కనీసం ముఖం చూసి కొంత గ్రహించవచ్చు. ఇంటికి వచ్చే ఉత్తరం దగ్గర ఆ వీలు కూడా లేదు. భాషా కోర్సుల్లో బీ1 అనే స్థాయికి వస్తే రోజువారీ మాటలు, షాపు, బస్సు, ఇరుగుపొరుగు అంతా నడిచిపోతుంది. ఉపాధి కేంద్రం పంపే ఉత్తరం ఆ స్థాయికి చాలా పైన ఉంటుంది. సెక్షన్లు, ఉపసెక్షన్లు, ఒక్కో వాక్యం అరపేజీ. ఆ దేశంలో పుట్టినవాళ్ళే రెండుసార్లు చదువుకుంటారు. ఇందులో ఎక్కడో మధ్యలో ‘ఫలానా తేదీన రాకపోతే భత్యంలో కోత’ అన్న ముక్క ఉంటుంది. జర్మనీలో ఇలాంటి నిర్ణయం మీద అభ్యంతరం చెప్పడానికి గడువు నెల రోజులు. ఉత్తరం చదివిపెట్టే మనిషిని వెతుక్కునేసరికి అందులో సగం అయిపోతుంది.

ఇక్కడ జర్మనీ సామాజిక న్యాయస్థానాల వైఖరి ఒకటి గమనించదగ్గది. కోత వేసే ముందు ఇచ్చే హెచ్చరిక నిర్దిష్టంగా, సరైనదిగా, పూర్తిగా, అర్థమయ్యేలా ఉండాలని ఆ దేశపు అత్యున్నత సామాజిక న్యాయస్థానం చెబుతూ వచ్చింది. అర్థమయ్యేలా అంటే ఎవరికి? ఆ ఉత్తరం అందుకున్న మనిషికా, సగటు జర్మన్ పాఠకుడికా? వాదించే వకీలు దొరికినవాళ్ళకి ఈ ప్రశ్న పనికొస్తుంది. దొరకనివాళ్ళు కోత వేయించుకుని ఊరుకుంటారు. కోతకి కూడా హద్దు ఉండాలని 2019 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చి 30 శాతానికి మించిన కోతలను కొట్టేసింది. అయినా బతకడానికి సరిపోయేంత మాత్రమే ఇచ్చే డబ్బులో 30 శాతం అంటే చిన్న మాట కాదు.

భాషా కోర్సుకి సరిగా రానందుకు కోత వేస్తున్నామని, ఆ మనిషికి ఇంకా రాని భాషలోనే ఉత్తరం వెళ్తుంది. దీన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

తన భాషలోకి అనువదించి పంపినా అందరికీ పనిచేయదు. సొంత భాషలో చదవడం రాయడం రానివాళ్ళు వలసవాళ్ళలో గణనీయంగా ఉంటారు, ఎక్కువగా యుద్ధం వల్ల బడి దూరమైనవాళ్ళు, ఆడవాళ్ళు. వాళ్ళకి కావాల్సింది వినిపించే సమాచారం. పది భాషల్లో బ్రోచర్లు అచ్చువేసి చేతులు దులుపుకునే ఆఫీసులకి ఇది తట్టదు.

బ్రోకర్ ఉన్నంతకాలం

భాష లేకపోవడం ఏళ్ళ తరబడి ఎవరికీ కనపడకుండా ఎలా ఉండిపోతుందో జపాన్ అనుభవం బాగా చూపిస్తుంది. 1990లో సవరించిన వలస చట్టం అమల్లోకి వచ్చాక, జపాన్ మూలాలున్న బ్రెజిల్, పెరూ వాళ్ళు పెద్ద సంఖ్యలో వచ్చి కారు విడిభాగాలు, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో చేరారు. చాలామందిని తెచ్చింది, పెట్టింది, నడిపించింది మ్యాన్‌పవర్ కంపెనీలు. ఇల్లు వాళ్ళే చూస్తారు, ఫ్యాక్టరీకి వ్యాన్ వాళ్ళే పెడతారు, పోర్చుగీస్ తెలిసిన మనిషిని వాళ్ళే ఉంచుతారు. పదేళ్ళు, పదిహేనేళ్ళు జపనీస్ పెద్దగా రాకుండానే జీతం వచ్చింది. ప్రభుత్వ ఉపాధి కేంద్రం గడప తొక్కాల్సిన అవసరమే రాలేదు. 2008 సంక్షోభంలో ముందుగా పోయినవి ఆ కాంట్రాక్టు ఉద్యోగాలే. కంపెనీతో పాటు ఇల్లు, వ్యాన్, దుబాసీ అన్నీ ఒకేసారి పోయాయి. అప్పుడు వేలమంది మొదటిసారి హలో వర్క్ ముందు లైన్ కట్టారు. అక్కడ పోర్చుగీస్ తెలిసినవాళ్ళు చాలినంత మంది లేరు, ఇటు కొత్తగా తీసుకునే యజమానులు జపనీస్ చదవగలరా అని అడగడం మొదలుపెట్టారు.

ప్రభుత్వం రెండు రకాలుగా స్పందించింది. ఒక పక్క దుబాసీలను పెంచి, ఉద్యోగానికి పనికొచ్చే జపనీస్ శిక్షణ మొదలుపెట్టింది. ఇంకో పక్క 2009 ఏప్రిల్ నుంచి, దేశం వదిలి వెళ్ళిపోతే కార్మికుడికి 3 లక్షల యెన్లు, కుటుంబ సభ్యులకి తలా 2 లక్షల యెన్లు ఇస్తామంది, అదే హోదాతో కొన్నాళ్ళు తిరిగి రాకూడదన్న షరతుతో. 20 వేల మందికి పైగా ఆ డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు. రెండు దశాబ్దాలు భాష నేర్పడానికి పెట్టని ఖర్చు ఒక్కసారిగా టికెట్ల రూపంలో పెట్టారన్నమాట. చౌకగా వస్తుందని భాష సంగతి బ్రోకర్‌కి వదిలేస్తే, బ్రోకర్ పోయిన రోజున బిల్లు ప్రభుత్వానికే వస్తుంది, అదీ అన్నిటికంటే పాడు సమయంలో.

దక్షిణ కొరియా ఈ విషయంలో వేరే దారి పట్టింది. 2004 ఆగస్టులో మొదలైన పర్మిట్ పద్ధతిలో విదేశీ కార్మికులను తెచ్చే పని ప్రభుత్వమే నేరుగా చూస్తుంది, రావాలంటే ముందే కొరియన్ పరీక్ష పాస్ కావాలి. వినడానికి ఇది సమస్యకి సమాధానంలా ఉంటుంది. కానీ ఆ ప్రధాన పరీక్షలో ఉండేది వినడం, చదవడం. మాట్లాడటం లేదు. నెలలకొద్దీ ప్రశ్నల బ్యాంకు బట్టీపట్టి మంచి మార్కులతో వచ్చినవాళ్ళు, యజమాని జీతం ఎగ్గొడుతున్నాడని ఉపాధి కేంద్రంలో చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు నోరు పెగలక నిలబడతారు. అక్కడ గడువులు కూడా గట్టివి. ఒప్పందం ముగిసిన నెలలోపు మార్పుకి దరఖాస్తు పెట్టాలి, మూడు నెలల్లో కొత్త చోట చేరాలి, లేకపోతే దేశం వదలాలి. తప్పు యజమానిదని రుజువైతే ఆ మార్పు లెక్కలోకి రాదు, రుజువు కాకపోతే మూడేళ్ళలో మూడుసార్లే మారొచ్చు. రుజువు చేయడం అంటే మళ్ళీ మాటలే, కాగితాలే, కొరియన్‌లోనే. అడిగితే జవాబిచ్చే బహుభాషా కౌన్సెలింగ్ ఫోన్ లైన్ అక్కడ ఉంది, దాన్ని తీసిపారేయలేం. కానీ కేసు తేలేది ఫోన్‌లో కాదు కదా.

ముందు భాషా, ముందు పనా

ఇది యూరప్‌లో ఎప్పుడూ నలిగే గొడవ. జర్మనీ 2005 నుంచి భాష ముందు అన్న దారి పట్టింది. మామూలుగా 600 పీరియడ్ల భాష, 100 పీరియడ్ల పౌర పాఠాలు, లక్ష్యం బీ1. ఆ తర్వాత ఉద్యోగానికి సంబంధించిన భాషా కోర్సు. ఇవన్నీ సీటు దొరకడం, మొదలవడం, పిల్లల్ని చూసుకునేవాళ్ళు లేక మధ్యలో ఆగడం, మళ్ళీ మొదలవడం... లెక్కలో ఏడాది, వాస్తవంలో రెండేళ్ళు. ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు డెన్మార్క్‌లో, నెదర్లాండ్స్‌లో ఇంతకంటే త్వరగా పనుల్లో చేరడం చూసి, జర్మనీ 2023 అక్టోబరులో జాబ్ టర్బో అని మొదలుపెట్టింది. మొదటి కోర్సు కాగానే పనిలోకి పంపి, మిగిలిన భాష పని చేస్తూ నేర్చుకోమనడం.

పని చేస్తూ భాష వస్తుందన్నది పూర్తిగా పని మీద ఆధారపడిన మాట. జనంతో మాట్లాడే పని అయితే వస్తుంది. గోడౌన్‌లో రాత్రిపూట చెవులకి మఫ్స్ పెట్టుకుని పెట్టెలు సర్దే పనిలో, చుట్టూ ఉన్నవాళ్ళంతా తన దేశంవాళ్ళే అయినప్పుడు, ఐదేళ్ళైనా రాదు. పైగా రోజంతా చేసి వచ్చాక క్లాసుకి వెళ్ళే ఓపిక ఎక్కడిది? త్వరగా పనిలో చేరినవాళ్ళలో నర్సులు క్లీనింగ్‌లో, ఇంజినీర్లు ప్యాకింగ్‌లో మిగిలిపోవడం దీనికి రెండో ముఖం. ఉపాధి కేంద్రం లెక్కల్లో మాత్రం అది ఒక సక్సెస్, కేసు క్లోజ్ అయినట్టే.

భాషా శిక్షణ దండగ అనేవాళ్ళు ఫిన్‌లాండ్ సంగతి చూడాలి. 1999లో అక్కడ వచ్చిన చట్టం, 1997 మే 1 తర్వాత జనాభా రిజిస్టర్‌లోకి ఎక్కిన నిరుద్యోగ వలసవాళ్ళకి విడివిడిగా ప్రణాళిక వేయాలంది. ఆ తేదీకి కొంచెం ముందు వచ్చినవాళ్ళకి అది వర్తించదు, మిగతా అన్నిటిలో ఇద్దరూ ఒకటే. అందువల్ల ఆర్థికవేత్తలకి పోల్చి చూడటానికి మంచి వీలు దొరికింది. పదేళ్ళ కాలంలో ప్రణాళిక వర్తించినవాళ్ళ సంపాదన మొత్తం 47 శాతం పెరిగింది, తీసుకున్న భత్యాలు 13 శాతం తగ్గాయి. ఇందులో అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం, శిక్షణ గంటలు పెరగలేదు. అందరికీ ఇచ్చే మామూలు నిరుద్యోగ కోర్సుల బదులు, వలసవాళ్ళ కోసం తయారైన భాషా కోర్సుల లాంటివి ఇచ్చారంతే. అంటే అంతకుముందు అదే డబ్బు, అదే టైమ్ పెట్టి, భాష అర్థం కాని మనుషులని ఉద్యోగ దరఖాస్తు రాయడం ఎలా అన్న క్లాసుల్లో కూర్చోబెట్టారు.

బ్రిటన్, నెదర్లాండ్స్ ఇదే విషయాన్ని షరతుగా మార్చాయి. ఇంగ్లండ్‌లో 2014 నుంచి, ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకిచ్చే భత్యం తీసుకుంటూ ఇంగ్లీష్ మరీ తక్కువ వచ్చినవాళ్ళని కోర్సుకి పంపారు, వెళ్ళకపోతే భత్యం ఆగొచ్చు. నెదర్లాండ్స్‌లో 2016 చట్టం సామాజిక భత్యానికి భాషా ప్రయత్నాన్ని జతచేసింది. కోర్సు సీటు చేతిలో పెట్టి షరతు పెడితే ఒక అర్థం ఉంది. సీట్లు చాలనిచోట షరతు మాత్రం పెడితే అది ఖర్చు తగ్గించుకునే పద్ధతి, అంతే.

ఇక కొత్తగా వచ్చిన దారి ఫోన్. దరఖాస్తులన్నీ పోర్టల్‌లోకి మారాక, కౌంటర్ దగ్గర వేలు చూపించి అడిగే వీలు కూడా తగ్గింది. లాగిన్ కోడ్, సెక్యూరిటీ ప్రశ్న, నిమిషాల్లో దానంతటదే మూసుకుపోయే పేజీ. బ్రౌజర్‌లో అనువాదం ఆన్ చేస్తే పేజీ చదవొచ్చు, ఫారం లోపలి మెనూలు ఒక్కోసారి అలాగే ఉండిపోతాయి, ఒక్కోసారి గజిబిజి అవుతాయి. ఇక్కడే బయట ఒక వ్యాపారం మొదలవుతుంది, ఫారం నింపిపెట్టడానికి ఇంత, ఉత్తరం చదివిపెట్టడానికి ఇంత అని. 1948 ఒప్పందం ప్రకారం ఉచితంగా అందాల్సిన సేవకి గుమ్మం దగ్గర టికెట్ తెంపుతున్నట్టు. వాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు, పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకునేవాళ్ళూ ఉన్నారు.

ఫోన్‌లోని యంత్రానువాదం చాలామందిని నిజంగానే గట్టెక్కించింది, దాన్ని చిన్నచూపు చూడటం తప్పు. అపాయింట్‌మెంట్ తేదీ, తేవాల్సిన కాగితాల జాబితా లాంటివాటికి అది చాలు. ఎక్కువ మంది మాట్లాడే భాషల్లో బాగుంటుంది, టిగ్రిన్యా, సొరానీ లాంటి వాటిలో ఇంకా తడబడుతుంది, అంటే ఎవరికి దుబాసీ దొరకడం కష్టమో వాళ్ళకే యంత్రం కూడా తక్కువ పనికొస్తుంది. అసలు ప్రశ్న తప్పు జరిగినప్పుడు. దుబాసీ తప్పు చెప్పారని తేలితే, ఆ దుబాసీని పెట్టిన ఆఫీసు ఎంతో కొంత జవాబు చెప్పుకోవాలి. యంత్రం ‘రావాలి’ని ‘రానక్కరలేదు’ అని చూపించి, దాన్ని నమ్మి మనిషి ఒక గడువు దాటేస్తే, ఆ యంత్రాన్ని వాడుకున్నది ఆ మనిషే కాబట్టి తప్పు కూడా ఆ మనిషిదే అవుతుంది. అధికార భాషలో ఉన్న పాఠమే చెల్లుతుంది, అనువాదం సమాచారం కోసం మాత్రమే అని పేజీ అడుగున ఒక లైన్ పెడితే ఆఫీసు వైపు పని అయిపోతుంది. అధికారి తన కంప్యూటర్‌లో అదే యంత్రం వాడి మాట్లాడి, ఆ సంభాషణను ఫైల్‌లో దాచి, కోత వేసే ముందు ఎవరైనా ఆ భాష తెలిసిన మనిషి దాన్ని ఒకసారి సరిచూడాలి అన్న నియమం పెడితే బాధ్యత మళ్ళీ ఆఫీసు వైపుకి వస్తుంది. దానికయ్యే ఖర్చు, పూర్తి అపాయింట్‌మెంట్‌కి దుబాసీని కూర్చోబెట్టే ఖర్చు కంటే తక్కువే.